కొలెట్ పెళ్లి బీరు

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం నేను స్కూలు బస్సు నడిపే డ్యూటీ దిగి డిపో నుంచి ఇంటికొచ్చేసరికి, క్లెమ్ బీరు కాచే గంగాళం మా ఇంటి ముందు రోడ్డు పక్కన ఉంది. తళతళలాడేలా తోమి ఉంది. చెవికి ఒక అట్టముక్క కట్టి ఉంది. ‘ఉచితం. బాగా పనిచేస్తుంది’ అని దానిమీద క్లెమ్ చేతిరాత. పక్కనే రెండు గాజు జాడీలు, రబ్బరు గొట్టాలు, సీసాలకు మూతలు బిగించే చేతి మిషను.

మా మాక్సీ ఊళ్లో అలా బయట పెట్టిన సామాను ఎంతోసేపు ఉండదు. నేను కారు ఇంజను కూడా ఆపకుండా దిగి, అన్నీ వెనక సీట్లోకి ఎక్కించి, అక్కణ్నుంచి మా గరాజు దాకా ఉన్న ఆ నాలుగు అడుగులూ కార్లోనే మోసుకొచ్చాను. పెళ్లయినప్పటి నుంచీ ఆ గంగాళాన్ని తిట్టుకుంటూ వచ్చిన మనిషిని నేను. గరాజులో అది ఉండే మూలలో ఫ్రీజరు పెట్టుకోవాలని నా కోరిక. పైగా నాకు బీరు పడదు. అయినా ఆ అట్టముక్క చూడగానే నా మనసు చివుక్కుమంది.

క్లెమ్ వంటింట్లో నిలబడి రొట్టె ముక్క మీద కారం సాసు పోసుకుంటున్నాడు.

“ఆ మూల నీకు కావాలన్నావుగా” అన్నాడు నన్ను చూసి.

“అడిగినప్పుడు ఇవ్వలేదు. ఇప్పుడు నాకు ఫ్రీజరు అక్కర్లేదు” అన్నాను.

మామూలుగా అయితే దానికి ఏదో ఒకటి తగిలించేవాడు. ఆ రోజు రొట్టె నమిలి, చేతులు కడుక్కుని, వెళ్లి టీవీ ముందు కూర్చున్నాడు.

ఆ ఏడాది వసంతం నుంచే అతను అలా ఉన్నాడు. ఏప్రిల్‌లో ఇద్దరికీ జ్వరం వచ్చింది. నాది తొందరగానే తగ్గింది, అతన్ని చాలాకాలం పీడించింది. లేచాక మనిషి మారిపోయాడు. గొడ్డుమాంసం కూర నేను రోజంతా సన్నసెగ మీద ఉడికించి పెడితే, ఎవరో పనిష్మెంటు ఇచ్చినట్టు తిని లేచేవాడు. బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే హాప్స్ పూల గోదాములో ఎన్నేళ్లుగానో పనిచేసి, కిందటేడే రిటైరయ్యాడు. ఈ లోయలో రైతులు తెచ్చిన హాప్స్ బేళ్లలోంచి గుప్పెడు తీసి, అరచేతుల్లో నలిపి, ముక్కు అందులో పెట్టి, ఏది ఏ రకమో, ఎంత బాగా ఆరిందో, ఎవరి పొలంలో నీళ్లు ఎక్కువయ్యాయో చెప్పడం అతని పని. పని లేకపోయేసరికి దిగులు పడ్డాడనుకున్నాను. నామీద విసుగేమో అని కూడా ఒకటి రెండుసార్లు అనిపించింది. అడగలేదు.

ఆదివారం మా అమ్మాయి కొలెట్, పెళ్లి చేసుకోబోయే టోబియస్‌ని వెంటబెట్టుకుని భోజనానికి వచ్చింది. అక్టోబరులో రైతుల హాల్లో పెళ్లి. కేకు ఎవరు చేస్తారు, కుర్చీలు ఎవరు తెస్తారు అని అంతా మాట్లాడేసి, చివర్లో తండ్రి వైపు తిరిగింది. పెళ్లికి నాన్న చేసిన పేల్ ఏల్ రకం బీరు కావాలంది.

క్లెమ్ బంగాళాదుంప మీంచి తల ఎత్తకుండా, ఈ లోయలో ప్రతి సందులోనూ బీరు చేసేవాళ్లున్నారని, తనకంటే మంచివాళ్లున్నారని, ఎవరి దగ్గరైనా పీపాలు తెప్పిద్దామని అన్నాడు.

“వాళ్ల బీరు అందరికీ దొరుకుతుంది నాన్నా” అంది కొలెట్. “నీది నాకు తప్ప ఇంకెవరికీ దొరకదు. నేను టోబియస్‌కి నీ బీరు చూపించే ఇంతదాకా లాక్కొచ్చాను. పెళ్లిరోజు లేదంటే వెనక్కి పోతాడు.”

“పోతాను” అన్నాడు టోబియస్ గంభీరంగా.

క్లెమ్ నవ్వాడు కానీ, ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. సరే అన్నాడు. వాళ్లు వెళ్లాక చాలాసేపు గరాజులో లైటు వేసుకుని ఊరికే నిలబడ్డాడు.

సెప్టెంబరు వచ్చేసరికి లోయంతా హాప్స్ కోతలు మొదలవుతాయి. పందిళ్ల మీద ఇంటెత్తు పాకిన తీగల్ని తాళ్లతో సహా కోసి లారీల్లో వేసుకుపోతుంటారు. రోడ్డు పొడుగునా ఆకులు, పూలు రాలుతుంటాయి. ఆరబెట్టే బట్టీలు రాత్రింబవళ్లు నడుస్తాయి. ఊరి మీద ఆ వాసన దుప్పటిలా కప్పుకుంటుంది. బస్సు కిటికీలు తీస్తే పిల్లలు తుమ్ముతారు. ప్రతి ఏడూ ఆ రోజుల్లో క్లెమ్ పొద్దున్నే వరండాలో నిలబడి గాలి పీల్చి, ఇవాళ ఫలానా వాళ్ల బట్టీ ఎక్కువ కాలింది అని చెప్పేవాడు. ఆ ఏడు వరండాలోకి రాలేదు.

బీరు కాచేది శనివారం. ఎప్పుడూ సాయం వచ్చే యుసేబియో ఒక పెద్ద పొలంలో బట్టీ చూసుకుంటాడు, కోతల రోజుల్లో అతనికి తిండికి కూడా తీరిక ఉండదు. అందుకని మొదటిసారి తెడ్డు నా చేతికొచ్చింది. గరాజు ముందు గ్యాసు పొయ్యి పెట్టి, మొలకెత్తించి ఎండబెట్టి మరపట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టాం. క్లెమ్ థర్మామీటరు వదలకుండా చూస్తున్నాడు. ఇదివరకు అతను దాన్ని జేబులోంచి తీయడం నేను చూడలేదు.

“ఎలా ఉంది వాసన?” అని అడిగాడు.

“అంబలిలా ఉంది” అన్నాను. “తియ్యటి అంబలి.”

“అంబలేనా? మాడిన వాసన ఏమైనా?”

నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని, నువ్వే చూసుకో అన్నాను. థర్మామీటరు వైపు తిరిగాడు.

తియ్యనీళ్లు వడకట్టి గంగాళంలో పోసి, పొయ్యి మీద పెట్టాం. నేను లోపలికెళ్లి కాఫీ పట్టుకుని వచ్చేసరికి గ్యాసు వాసన గుప్పుమని కొట్టింది. గాలికి మంట ఆరిపోయింది. క్లెమ్ ఆ పొయ్యి పక్కనే వంగి, సంచిలోంచి చేదుకోసం వేసే హాప్స్ తూకం వేసుకుంటున్నాడు. నేను కప్పులు అక్కడే కింద పెట్టి పరుగెత్తుకెళ్లి గ్యాసు కట్టేశాను.

“చూసుకోలేదు” అన్నాడు.

“చూసుకోవడం ఏంటి క్లెమ్, రోడ్డు మీదికి వస్తోంది వాసన.”

అతని మొహం పాలిపోయింది. గాలి ఎక్కువగా ఉందని, పొయ్యికి అడ్డు పెట్టాలని చెప్పి, రేకు వెతకడానికి గరాజులోకి వెళ్లిపోయాడు. ఆ రోజంతా నేను పొయ్యి వదిలి కదల్లేదు. గంటసేపు మరిగించి, చల్లార్చి, జాడీల్లో పోసి, ఈస్టు వేసి, చీకటి గదిలో పెట్టాం. మర్నాటికల్లా జాడీల మెడ మీది గొట్టాలు బుడబుడమనడం మొదలుపెట్టాయి. ఆ శబ్దం వినడానికి మాత్రం క్లెమ్ మాటిమాటికీ వెళ్లేవాడు. తలుపు దగ్గర చెవి ఒగ్గి నిలబడేవాడు.

బుడగలు నెమ్మదించాక డ్రై హాప్స్ వేస్తారు. ఉడికేటప్పుడు వేసిన హాప్స్ చేదునిస్తాయి, వాసన ఆవిరైపోతుంది. పులిసిన చల్లటి బీరులో వేస్తే చేదు పెరగదు, వాసనంతా బీరులోకి దిగుతుంది. క్లెమ్ బీరుకున్న పేరంతా ఆ ఆఖరి పనివల్లే. యుసేబియో ఆ సాయంత్రం తన ట్రక్కు ఆపి, బట్టీలోంచి అప్పుడే తీసిన హాప్స్ రెండు సంచులు వంటింటి బల్ల మీద పెట్టాడు. ఒకటి నది వైపు పొలానిది, ఒకటి కొండ కింది పొలానిది. రెండూ ఒకటే రకం. నిలబడే ఒక గ్లాసు నీళ్లు తాగాడు.

“పెళ్లికూతురికి నా కానుక” అన్నాడు. “ఏది కావాలో ముసలాయన ముక్కే చెబుతుంది. నాకిప్పుడు అన్నీ ఒకే వాసన. బట్టీలో ఉండి ఉండి నా బుర్ర కూడా ఆరిపోయింది.”

అతను వెళ్లాక క్లెమ్ కొండ కింది పొలం సంచి దగ్గరికి లాక్కున్నాడు. ఏళ్ల తరబడి అతను మెచ్చుకున్న పొలం అది. నేను గుడ్డసంచి, అది మునగడానికి లోపల వేసే గోలీలు మరిగించి తెచ్చి బల్ల మీద పెడుతున్నాను. అతను హాప్స్ సంచి మూతి విప్పగానే నా ముక్కు పక్కకి తిరిగింది.

“ఇందులో ఉల్లిపాయ వాసన వస్తోంది” అన్నాను.

“నీ చేతులది అయ్యుంటుంది.”

“పొద్దుటి నుంచి స్టీరింగు తప్ప నేనేమీ పట్టుకోలేదు.”

“నోరీన్, ఆ పొలాన్ని నువ్వు నాకు చెప్పాలా?”

“పొలాన్నేమీ అనడం లేదు. సంచినంటున్నాను. నువ్వే చూడు.”

అతను సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. గోదాములో చేసినట్టే అరచేతుల మధ్య గరగరా నలిపాడు. దోసిలి మొహానికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, గట్టిగా పీల్చాడు. నేను చూస్తూ నిలబడ్డాను. మళ్లీ పీల్చాడు. పసుప్పచ్చటి పొడి మీసాల మీద పడింది. చాలాసేపటికి తల ఎత్తి, చేతుల్లోది ఒక్క రేకు కూడా కింద పడకుండా సంచిలోకి దులిపాడు. తర్వాత రెండు సంచులూ బల్ల మీద నా వైపుకి జరిపాడు.

“ఏది వెయ్యమంటావు?” అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో కూర్చున్నాను.

“ఎప్పట్నుంచి?”

“ఏప్రిల్ జ్వరం నుంచి. కాఫీ కూడా వేడినీళ్లలాగే ఉంటుంది.”

“డాక్టరుకి చెప్పావా?”

చెప్పాడట. వాసన తెలియడం మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు, వేచి చూడాలన్నాడట. ఎందుకు దాచావని అడిగితే, మూతి తుడుచుకుంటూ కిటికీ వైపు చూశాడు.

“వడ్రంగి చెయ్యి విరిగితే ఊరంతా చూస్తుంది, పాపం అంటుంది” అన్నాడు. “ఇది ఎవరికీ కనబడదు. నేను చెప్పుకుంటే తప్ప లేనట్టే. అందుకని చెప్పుకోలేదు.”

కూర, రొట్టె మీది కారం సాసు, మంట ఆరిపోయిన పొయ్యి, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. నామీద విసుగు కాదని తెలిసి లోపల ఒక బరువు దిగింది. అతని సంగతి తలుచుకుంటే ఇంకో బరువు ఎక్కింది. నేను కొండ కింది పొలం సంచి మూతి కట్టేసి వెనక వరండాలో పెట్టి వచ్చి, నది వైపు సంచి విప్పాను.

“బాగుంది” అన్నాను.

“బాగుంది అనేది వాసన కాదు” అన్నాడు క్లెమ్.

“మరేం చెప్పను?”

“చేతిలో వేసి నలుపు. ఇంకా గట్టిగా, వేడి పుట్టాలి. ఇప్పుడు చూడు. మొదట ఏం తగిలింది?”

“పంపరపనస తొక్క.”

“తొక్కా, పండా?”

“తొక్క. గోటితో గిల్లితే కళ్లల్లోకి చిమ్ముతుందే, అది.”

అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “దాని కింద?”

దాని కింద మా నాన్న కలప కొట్లో కొత్తగా కోసిన పైన్ చెక్క ఉంది. ఇంకా కింద ఏదో పువ్వు, పేరు తెలీదు. మా అత్తగారు బట్టల బీరువాలో పెట్టే సబ్బులాంటిది అన్నాను. అది గులాబీ సబ్బు అన్నాడు. మరొకటి కూడా తగిలింది కానీ చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను. అతను కనిపెట్టేశాడు.

“ఏదో మింగుతున్నావు.”

“ఏం లేదు.”

“నోరీన్.”

“పిల్లి” అన్నాను. “కొంచెం. మూల తడిపిన పిల్లి.”

క్లెమ్ నన్ను చూసి, బల్ల మీద చెయ్యి చరిచి నవ్వాడు. ఏప్రిల్ తర్వాత ఆ ఇంట్లో అలాంటి నవ్వు వినడం అదే మొదలు. అది ఉండాల్సిందేనట. రవ్వంత ఉంటేనే పంపరపనసకి నిక్కు వస్తుందట. గోదాములో కొత్తగా చేరిన వాళ్లెవరూ ఆ మాట పైకి అనడానికి ధైర్యం చెయ్యరట, నేను మొదటిరోజే అనేశానట.

యుసేబియోకి ఫోను చేస్తే, బట్టీ హోరులో అరుస్తూ చెప్పాడు. కొండ కింది పొలంలో కోత మిషను చెడి పని ఆగిందట, తీగలు ముదిరిపోయాయట. అలా ముదిరితే ఉల్లి వాసన వస్తుంది, నేనే చూసుకోవాల్సింది అని వంద క్షమాపణలు చెప్పాడు. క్లెమ్ ఫోను నా చేతిలోంచి తీసుకుని, “నోరీన్ పట్టేసింది” అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. ఫోను పెట్టేశాక కూడా అదే మాట తనలో తాను ఒకసారి అనుకున్నాడు.

నది వైపు హాప్స్‌ని గోలీలతో సహా గుడ్డసంచుల్లో కట్టి, జాడీల మూతలు తీసి, గాలి ఎక్కువ తగలకుండా గబగబా లోపలికి దించాం. అవి కాసేపు తేలి, తర్వాత నెమ్మదిగా కిందికి వెళ్లాయి.

ఆ వారమంతా నేను బస్సు దిగి ఇంటికి రాగానే క్లెమ్ సన్నటి గొట్టంతో జాడీలోంచి ఒక గుక్కెడు తీసి గ్లాసులో పోసి నా కోసం సిద్ధంగా ఉంచేవాడు. నేను వాసన చూస్తుంటే, పాఠం నేర్పుతున్న గురువులా ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేసేవాడు. ఎత్తుగా ఉందా, లోతుగా ఉందా? నిన్నటికంటే గుండ్రంగా ఉందా? వాసన గుండ్రంగా ఎలా ఉంటుందయ్యా అని నేను కసిరేదాన్ని. రెండు రోజులకి నాకే తెలిసింది, నిన్న కోసుగా ఉన్నది ఇవాళ గుండ్రంగా ఉందని. రాత్రి భోజనం దగ్గర కూరలో ఏముందో అడిగేవాడు. మిరియాలు ముందు తగులుతున్నాయా, ఆకు ముందా అని. నేను చెబుతుంటే తినేవాడు. నాకు చెప్పడం రాక, మాటలు వెతుక్కోవడానికి ప్రతి ముద్దా రెండుసార్లు నమిలేదాన్ని. మా బల్ల దగ్గర అంత మాట్లాడుకుని ఎన్నేళ్లయిందో.

ఒక సాయంత్రం గ్లాసు ఎత్తగానే, పంపరపనస తొక్క వెనక సన్నగా ఏదో పచ్చిగా తగిలింది.

“ఇవాళ సంచులు తీసేయాలి” అన్నాను.

క్లెమ్ తల అడ్డంగా ఊపాడు. తను ఎప్పుడూ ఇంకో రెండు రోజులు ఉంచుతానన్నాడు. అలాగే చేసిన బీరుకే కదా కొలెట్ మురిసిపోయేది అన్నాడు.

“రేపటికి గడ్డి అవుతుంది” అన్నాను. “లాన్ కోసిన వాసన మొదలైంది. ఇంకా గట్టిగా లేదు, కానీ ఉంది.”

“ఖాయమా?”

నాకే భయమేసింది. పెళ్లికి వచ్చే ఊరంతా తాగే బీరు. మళ్లీ ఒకసారి వాసన చూశాను.

“ఖాయం” అన్నాను.

అతను లేచి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, సంచులు తీసేశాడు. శనివారం సీసాల్లో పోశాం. అతను పోస్తుంటే నేను మూతలు బిగించాను. గంగాళంతో పాటు నేను తిట్టుకున్న ఆ మిషను పిడి నా చేతికి ఇట్టే అలవాటైపోయింది.

పెళ్లినాటికి కోతలు అయిపోయాయి. హాలు నిండా మనుషులు, అరువు కుర్చీలు, పొద్దుతిరుగుడు పూలు. కొలెట్ తెల్లగౌనులోనే ఐసు తొట్టిలో చెయ్యి పెట్టి మొదటి సీసా తీసుకుంది. మూత తీసి, ఒక గుక్క తాగి, ఆగి, ఇంకో గుక్క తాగింది.

“నాన్నా, ఇది ఎప్పటిలా లేదు” అంది.

క్లెమ్ నావైపు చూడకుండా నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఇది ఇంకా బాగుంది. ఏం మార్చావు?”

అతను జవాబు చెప్పేలోపు హార్లన్ వచ్చాడు. గోదాములో క్లెమ్‌కి పై అధికారిగా ఉన్న మనిషి, వాసన పట్టడంలో ఆయనంతటివాడు లేడని పేరు. క్లెమ్ ఎన్నో ఏళ్లు ఆయన ముందు తప్పు చెప్పకూడదని వణికాడు. హార్లన్ గ్లాసులో పోసుకుని, తిప్పి, వాసన చూసి, నది వైపు పొలమా అన్నాడు. ఔనన్నాడు క్లెమ్. సరైన రోజున తీశావు, నీకు ఎప్పుడూ ఒకటి రెండు రోజులు ఎక్కువుంచే జబ్బు ఉండేది అన్నాడు ఆయన. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు.

క్లెమ్ అక్కడ ఊరుకోవచ్చు. ఊరుకుంటాడనే అనుకున్నాను.

“నా ముక్కు ఏప్రిల్‌లో పోయింది హార్లన్” అన్నాడు మామూలు గొంతుతో. “హాప్స్ ఎంచింది నోరీన్. తియ్యమన్నదీ నోరీనే. నేను ఒద్దన్నాను.”

కొలెట్ తండ్రి మొహం చూసి, గబుక్కున వెళ్లి అతని భుజానికి తల ఆనించింది. హార్లన్ గ్లాసు ఇంకోసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత తన గ్లాసు నా చేతికిచ్చి, “ఇందులో కిందెక్కడో ఒక పువ్వుంది. నాకు పేరు అందడం లేదు” అన్నాడు.

“గులాబీ సబ్బు” అన్నాను.

“అదే” అన్నాడాయన.

మర్నాడు పొద్దున నేనూ క్లెమూ హాలు ఊడ్చి, ఖాళీ సీసాలు పెట్టెల్లో సర్ది, ఇంటికి నడిచొచ్చాం. దారికి రెండువైపులా పందిళ్లు ఖాళీగా ఉన్నాయి. ఎటు చూసినా స్తంభాలూ ఇనప తీగలూ తప్ప ఏమీ లేదు. బట్టీలు ఆగిపోయాయి. రాత్రి కొద్దిగా మంచు పడ్డట్టుంది, నేల గట్టిగా ఉంది. క్లెమ్ చలికి జేబుల్లో చేతులు పెట్టుకుని, ఈమధ్య అలవాటైన ప్రశ్న అడిగాడు.

“ఇవాళ ఎలా ఉంది?”

నేను ఆగి, కళ్లు మూసుకుని, గట్టిగా పీల్చాను. ఇంకోసారి పీల్చాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“నాకేమీ తగలడం లేదు క్లెమ్. ఉత్త చలి” అన్నాను.

అతను నవ్వి, జేబులోంచి చెయ్యి తీసి నా చేతిని పట్టుకున్నాడు.

“అయితే ఇవాళ ఇద్దరం సమానం” అన్నాడు.